దారి తెలియని కంప్యూటరు... దిగులు పడుతున్న విద్యార్థులు

వరంగల్: పత్తి అమ్మిన పైసల్లోంచి తీసి తండ్రి కొనిచ్చిన పాత ల్యాప్‌టాప్. కాలేజీ పట్నంలో, ఇల్లు పల్లెలో. రాత్రి అన్నం తిన్నాక పిల్లవాడు దాని ముందు కూర్చున్నాడు. పగలు క్లాసులో నేర్చుకున్న నాలుగు వరుసల ప్రోగ్రాము రాసుకున్నాడు. నల్లతెర తెరిచి ‘పైథాన్’ అని కొట్టి, పక్కన ఫైలు పేరు కొట్టి, ఎంటర్ నొక్కాడు. తెర మీద ఒక ఇంగ్లీషు వాక్యం వచ్చి కూర్చుంది. పైథాన్ అనే మాటను లోపలి ఆజ్ఞగా గాని, బయటి ఆజ్ఞగా గాని, నడపదగ్గ ప్రోగ్రాముగా గాని, బ్యాచ్ ఫైలుగా గాని గుర్తు పట్టలేదని దాని సారాంశం.

‘‘ఏమైంది బిడ్డా?’’ అని తండ్రి అడిగితే ‘‘సిస్టం గుర్తు వడుతలేదు బాపు’’ అని కొడుకు జవాబు. ‘‘పైసలు వెట్టి కొంటిమి గదరా, గుర్తు వట్టకపోవుడేంది?’’ అని తండ్రి విస్తుపోయాడు.

ఇది ఒక్క ఇంటి ముచ్చట కాదు. నర్సంపేట, పరకాల, ములుగు, మహబూబాబాద్ వైపు పల్లెల నుంచి హనుమకొండ, వరంగల్, కాజీపేటలకు కంప్యూటరు చదువుల కోసం వచ్చే పిల్లలకు మొదటి వారంలోనే ఎదురయ్యే అనుభవం ఇది. ఇంగ్లీషు మీడియం పిల్లలు ఆ వాక్యాన్ని చదివి ఎవరినో ఒకరిని అడుగుతారు. తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లలు మాత్రం అది చూసి గతుక్కుమంటారు. అడిగితే నవ్వుతారేమోనని ఊరుకుంటారు. ల్యాబులో గంట గడిచిపోతుంది. ఈ చదువు మనకు అబ్బదని మనసులో పడిపోతుంది. నిజానికి ఆ పిల్లవాడు రాసిన ప్రోగ్రాములో తప్పే లేదు. కంప్యూటరు ఆ ప్రోగ్రామును ఇంకా తెరిచి చూడనే లేదు.

చదువుల పట్నం

వరంగల్‌కు ఈ విద్య కొత్త కాదు. ఇక్కడి రీజినల్ ఇంజనీరింగ్ కాలేజీకి 1959 అక్టోబరు 10న అప్పటి ప్రధాని నెహ్రూ శంకుస్థాపన చేశారు. 2002లో అదే నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ అయింది. 1976లో కాకతీయ విశ్వవిద్యాలయం వచ్చింది. 2020 జనవరిలో మడికొండలో టెక్ మహీంద్రా, సైయెంట్ కంపెనీలు తమ కేంద్రాలు తెరిచాయి. సాఫ్ట్‌వేర్ కొలువంటే హైదరాబాదుకో బెంగుళూరుకో పోవాలనుకున్న తల్లిదండ్రులకు అదొక ఆశ. అందుకే పిల్లలను కంప్యూటరు కోర్సుల్లో చేర్పిస్తున్నారు. అయితే ఆ ఆశకు మొదటి మెట్టు దగ్గరే కాలు జారుతున్నది. జారిన చోట పట్టుకునే మనిషి ఉంటే పది నిమిషాల పని, లేకుంటే ఏడాది చదువు మీద విరక్తి.

ఊరంతా వెతకదు

అసలు కథ ఏమిటి? నల్లతెర మీద ఒక పేరు కొడితే, ఆ పేరుగల ప్రోగ్రామును కంప్యూటరు వెతకాలి. డిస్కులో లక్షల ఫైళ్లుంటాయి. అన్నింటినీ వెతుకుతూ పోతే తెల్లారుతుంది. అందుకని దాని దగ్గర ఒక చీటీ ఉంటుంది. ఫలానా ఫోల్డరు చూడు, అక్కడ లేకపోతే ఫలానా ఫోల్డరు చూడు అని వరసగా రాసి ఉండే చీటీ. దాన్ని ‘పాత్’ అంటారు, అంటే దారి. చీటీలో ఉన్న ఇళ్ల తలుపులే తడుతుంది. చీటీలో లేని ఇంట్లో మనిషి కూర్చుని ఉన్నా, ‘లేడు’ అని తిరిగొస్తుంది. ఊరికి కొత్తగా వచ్చిన పోస్ట్‌మాన్ తన జాబితాలో లేని వాడకు పోడు కదా, ఇదీ అంతే.

ఈ ఏర్పాటు నిన్న మొన్నటిది కాదు. 1979లో వచ్చిన యూనిక్స్ ఏడో వెర్షన్‌లోనే ఈ దారి చీటీ ఉంది. 1983లో వచ్చిన ఎంఎస్ డాస్ రెండో వెర్షన్‌లోనూ ఉంది. నేటి విండోస్ కూడా అదే పద్ధతి నడుపుతున్నది.

పైథాన్‌ను విండోస్‌లో ఎక్కించేటప్పుడు చాలాకాలంగా వాడుకలో ఉన్న ఇన్‌స్టాలరు మొదటి తెర మీద అడుగున ఒక చిన్న గడి ఉంటుంది. పైథాన్‌ను పాత్‌లో చేర్చాలా అని అది అడుగుతుంది. ఆ గడిలో టిక్కు ముందే పెట్టి ఉండదు. తొందరలో పెద్ద బటన్ నొక్కి ముందుకు పోయేవారు దాన్ని చూడరు. ప్రోగ్రాము ఎక్కుతుంది, చీటీలో మాత్రం పేరెక్కదు. రేషన్ కార్డు మంజూరై డీలరు జాబితాలో పేరు రానట్టు! మందు కూడా సులువైనదే. ఇన్‌స్టాలరును మళ్లీ నడిపి, ‘మాడిఫై’ ఎంచుకుని, ఆ టిక్కు పెట్టాలి. తర్వాత తెరిచి ఉన్న నల్లతెరను మూసి కొత్తది తెరవాలి. పాత తెర పాత చీటీనే జేబులో పెట్టుకుని ఉంటుంది. ఈ ఒక్క సంగతి తెలియక, అన్నీ సరిచేసి కూడా ‘ఇంకా రాలేదు’ అని తల పట్టుకునే వారున్నారు.

కొందరు ‘సెట్ ఎక్స్’ అనే ఆజ్ఞతో దారిని చేర్చమని సలహా ఇస్తారు. దానితో జాగ్రత్తగా ఉండాలి. ఆ ఆజ్ఞ 1024 అక్షరాలకు మించిన చీటీని అక్కడికి కత్తిరించేస్తుంది. పైథాన్ దారి దొరికినా మిగతా ప్రోగ్రాముల దారులు పోతాయి. సెట్టింగుల్లో ‘ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్’ అనే చోట చేత్తో చేర్చుకోవడమే మేలు.

ఇద్దరు కొమురయ్యలు

ఒక ఊళ్లో ఇద్దరు కొమురయ్యలుంటే పోస్ట్‌మాన్ మొదట ఎదురైన కొమురయ్యకే ఉత్తరం ఇచ్చిపోతాడు. కంప్యూటరు చేసేదీ అదే. ఒకే యంత్రంలో రెండు మూడు పైథాన్‌లు ఉంటే, చీటీలో ఎవరి ఇల్లు ముందుంటే వారే పలుకుతారు. విద్యార్థి ఒక పైథాన్‌లో కొత్త మాడ్యూలు ఎక్కిస్తాడు, ప్రోగ్రామును ఇంకో పైథాన్ నడుపుతుంది. ‘అటువంటి మాడ్యూలు లేదు’ అని జవాబు వస్తుంది. ‘ఇప్పుడే ఎక్కిస్తిని గదా’ అని పిల్లవాడు మొత్తుకుంటాడు. ఇద్దరి మాటా నిజమే.

ఎవరు పలుకుతున్నారో తెలుసుకోవడానికి విండోస్ నల్లతెరలో ‘వేర్ పైథాన్’ అని కొట్టాలి. ఉన్న కొమురయ్యలందరి ఇళ్లూ వరసగా కనిపిస్తాయి, మొదటివాడే పలికేవాడు. పవర్‌షెల్ అనే నీలం తెరలో మాత్రం ‘వేర్’ అన్న మాటకు వేరే అర్థం ఉంది. అక్కడ ‘గెట్ కమాండ్’ వాడాలి. మాడ్యూలు ఎక్కించేటప్పుడు ఒట్టి ‘పిప్’ అనకుండా ‘పైథాన్ మైనస్ ఎమ్ పిప్’ అని మొదలుపెడితే, ప్రోగ్రామును నడిపే పైథాన్‌కే మాడ్యూలు చేరుతుంది.

ఇంకో వింత కూడా ఉంది. 2019 మే నెలలో వచ్చిన విండోస్ 10 మార్పు తర్వాత, పైథాన్ ఎక్కించని యంత్రంలో ఆ పేరు కొడితే మైక్రోసాఫ్ట్ స్టోర్ దుకాణం తెరుచుకుంటుంది. ఒక్కోసారి అసలు పైథాన్ ఎక్కించాక కూడా ఈ దుకాణం తలుపే ముందు తగులుతుంది. సెట్టింగుల్లో ‘యాప్ ఎగ్జిక్యూషన్ అలియాసెస్’ అనే చోటికి పోయి పైథాన్ ఎదురుగా ఉన్న మీటను ఆపితే ఆ అడ్డు తొలగుతుంది.

కంటికి కనిపించని తోక

నోట్‌ప్యాడ్‌లో ప్రోగ్రాము రాసి ‘హలో డాట్ పీవై’ అని దాచుకున్నానని విద్యార్థి అంటాడు. కంప్యూటరేమో ఆ ఫైలే లేదంటుంది. ఫోల్డరు తెరిచి చూస్తే కళ్ల ముందే ఉంటుంది. మరి దయ్యమా? కాదు. నోట్‌ప్యాడ్ వెనకాల ‘డాట్ టీఎక్స్‌టీ’ అనే తోక తగిలించింది. విండోస్ ఆ తోకను కనపడకుండా దాచింది. అసలు పేరు ‘హలో డాట్ పీవై డాట్ టీఎక్స్‌టీ’. నల్లతెరలో ‘డీఐఆర్’ అని కొడితే తోకతో సహా పూర్తి పేరు బయటపడుతుంది. ఫోల్డరు కిటికీలో ‘వ్యూ’ అనే చోట ఫైలు ఎక్స్‌టెన్షన్లు చూపమని ఒకసారి టిక్కు పెట్టుకుంటే మళ్లీ ఈ బాధ ఉండదు.

ఎక్కడ నిలబడి పిలుస్తున్నామన్నదీ ముఖ్యమే. నల్లతెరలో వరుస మొదట్లో ఒక ఫోల్డరు పేరు ఉంటుంది. మనం నిలబడి ఉన్న చోటు అదే. ఫైలు వేరే ఫోల్డరులో ఉంటే ‘సీడీ’ ఆజ్ఞతో అక్కడికి నడిచి పోవాలి. ప్రోగ్రాము లోపల ‘మార్కులు’ అనే ఫైలును తెరవమని రాసినా, ప్రోగ్రాము ఉన్న ఇంట్లో కాక మనం నిలబడ్డ చోటే అది వెతుకుతుంది. అందుకే ఒకరి దగ్గర నడిచిన ప్రోగ్రాము ఇంకొకరి దగ్గర నడవదు. ఫోల్డరు పేరులో ఖాళీ ఉంటే, ఆ ఖాళీ దగ్గరే పేరు అయిపోయిందనుకుంటుంది. అటువంటి పేరును కొటేషన్ గుర్తుల మధ్య పెట్టాలి.

ఫైలు మీద రెండుసార్లు నొక్కితే నల్లతెర మెరుపులా మెరిసి మాయమైందని కొందరి ఫిర్యాదు. ప్రోగ్రాము పని ముగించుకునో, తప్పు దగ్గర ఆగిపోయో తెర మూసుకుని పోయింది, అంతే. తెరను ముందుగా తెరిచి అక్కడి నుంచి నడిపితే, అది ఏం చెప్పిందో నిలబడి చదువుకోవచ్చు.

మాట మింగే గుమాస్తా

కొన్ని ప్రోగ్రాములకు పేరు పక్కన ఇంకొక మాట కూడా ఇవ్వాలి. ఉదాహరణకు ‘లెక్క డాట్ పీవై’ అని, పక్కన ఖాళీ వదిలి ‘పత్తి’ అని కొడితే, ఆ ‘పత్తి’ అన్న మాట ప్రోగ్రాముకు చేరాలి. కొన్ని యంత్రాల్లో ప్రోగ్రాము నడుస్తుంది గాని ఆ మాట మాత్రం చేరదు. తప్పెక్కడ? ముందు పైథాన్ అని పలకకుండా ఫైలు పేరు ఒక్కటే కొట్టినప్పుడు, ఈ తోక ఉన్న ఫైలును ఎవరికి అప్పజెప్పాలో విండోస్ తన రిజిస్ట్రీ అనే దస్తావేజులో చూస్తుంది. అందులో ‘ఫైలు పేరు అందించు, మిగతా మాటలూ అందించు’ అని రెండు గుర్తులుండాలి. రెండో గుర్తు, అంటే శాతం గుర్తు పక్కన నక్షత్రం, లేకపోతే మిగతా మాటలు దారిలోనే రాలిపోతాయి. తహసీలు ఆఫీసులో దరఖాస్తు తీసుకుని జత కాగితాలు పక్కన పడేసే గుమాస్తా లాంటి వ్యవహారం.

కొన్ని యంత్రాల్లో ఇదే దస్తావేజు ఆ ఫైలును నోట్‌ప్యాడ్‌కు అప్పజెప్పమంటుంది. అప్పుడు ప్రోగ్రాము నడవకుండా దాని రాత తెరుచుకుంటుంది. రెండింటికీ దగ్గరి మందు ఒక్కటే. ఫైలు పేరుకు ముందు ‘పైథాన్’ అని గాని, ‘పీవై’ అని గాని పలకాలి. అప్పుడు మధ్యలో గుమాస్తా పని ఉండదు. ఈ ‘పీవై’ అనే లాంచరు 2012లో పైథాన్ 3.3తో వచ్చింది. దారి చీటీలో పైథాన్ పేరు లేకున్నా చాలాసార్లు ఇది పలుకుతుంది.

లినక్సులో మరో తీరు

లినక్సులో పద్ధతి కొంత వేరు. మనం నిలబడ్డ ఫోల్డరులోనే ఫైలు ఉన్నా, ఒట్టి పేరు కొడితే దాన్ని చూడదు. ముందు చుక్క, ఏటవాలు గీత పెట్టి ‘ఇక్కడిదే’ అని చెప్పాలి. ఇది చాదస్తం కాదు, కాపలా. ఎవరైనా దొంగ ప్రోగ్రాముకు రోజూ వాడే ఆజ్ఞ పేరు పెట్టి ఫోల్డరులో వదిలి పోయినా, పొరపాటున అది నడవకుండా ఈ ఏర్పాటు. పవర్‌షెల్‌లోనూ ఇదే నియమం ఉంది.

‘పర్మిషన్ డినైడ్’ అంటే, ఫైలు ఉంది గాని నడిపే హక్కు ఇవ్వలేదని అర్థం. ‘సీహెచ్‌మాడ్ ప్లస్ ఎక్స్’ అనే ఆజ్ఞతో ఆ హక్కు ఇవ్వాలి. ఫైలు మొదటి వరుసలో ‘#!’ అనే రెండు గుర్తులతో మొదలుపెట్టి, ఈ రాతను ఏ ప్రోగ్రాము చదవాలో రాయాలి. దరఖాస్తు పైన ‘గౌరవనీయులైన ఫలానా అధికారి గారికి’ అని రాసినట్టు.

అన్నీ సరిగా ఉన్నా ఒక్కోసారి ‘అటువంటి ఫైలు లేదు’ అంటుంది. ఈ చిక్కు వెనక పాత టైపు మిషన్ కథ ఉంది. టైపు ఇన్‌స్టిట్యూట్లో కూర్చున్న వారికి గుర్తుండే ఉంటుంది. వరుస పూర్తికాగానే గంట మోగితే, మీట పట్టి బండిని మొదటికి తోయాలి, కాగితం ఒక వరుస పైకి జరగాలి. అవి రెండు పనులు. విండోస్ నేటికీ వరుస చివర ఆ రెండు పనులకూ రెండు గుర్తులు రాస్తుంది. లినక్సు ఒక్కటే రాస్తుంది. విండోస్‌లో రాసిన ఫైలును లినక్సుకు తీసుకుపోతే, మొదటి వరుస చివర కనిపించని గుర్తు ఒకటి అంటుకుని ఉంటుంది. పైథాన్ పేరు చివర ఆ గుర్తు కలిసి, ఆ పేరుతో ఎవరూ లేరని కంప్యూటరు అంటుంది. ‘డాస్ టు యూనిక్స్’ అనే చిన్న ప్రోగ్రాముతో ఆ గుర్తులు ఊడగొట్టవచ్చు.

తలుపు ఎందుకు వేశారు?

పవర్‌షెల్‌లో స్క్రిప్టు నడపబోతే, ఈ యంత్రంలో స్క్రిప్టులు నడపడం ఆపివేయబడిందని ఎర్ర అక్షరాల్లో వస్తుంది. ఇళ్లలో వాడే విండోస్‌లో ఇది ముందే వేసి ఉంచిన గడియ. తెలియని రాత అనుకోకుండా నడవకూడదనే దీన్ని పెట్టారు. తన ఒక్కడి ఖాతాకు మాత్రమే ‘రిమోట్ సైన్డ్’ అనే పద్ధతి పెట్టుకుంటే సొంతంగా రాసుకున్నవి నడుస్తాయి. బయటి నుంచి దిగుమతి చేసుకున్న, సంతకం లేని రాతలను అది ఆపుతుంది. గడియ మొత్తం పీకేయడం మాత్రం మంచిది కాదు.

అసలు ప్రమాదం ఇక్కడే పొంచి ఉంది. తెర మీద అర్థం కాని వాక్యం వచ్చినప్పుడు విద్యార్థి ఎవరు ఏం చెప్తే అది కొట్టడానికి సిద్ధపడతాడు. ఈ వరుస కాపీ చేసి నల్లతెరలో అంటించి ఎంటర్ కొట్టండి, అన్నీ బాగవుతాయి అని చెప్పే మోసగాళ్లు ప్రపంచమంతటా ఉన్నారు. ఆ ఒక్క వరుసతోనే పాస్‌వర్డులు, బ్యాంకు వివరాలు దోచే ప్రోగ్రాములు లోపలికి వస్తున్నాయి. పంట పైసలు పడే ఖాతాను తండ్రి అదే ల్యాప్‌టాప్‌లో చూసుకుంటాడు. కాబట్టి ఏ ఆజ్ఞ ఏం చేస్తుందో తెలియకుండా కొట్టరాదు. తెల్ల కాగితం మీద వేలిముద్ర వేయమంటే వేస్తామా?

ఇంకో నష్టం ఫార్మాట్ చేయించడం. దారి చీటీలో ఒక వరుస లేనందుకు యంత్రం మొత్తం తుడిచి మళ్లీ ఎక్కిస్తే డబ్బూ పోతుంది, దాచుకున్న నోట్సు, ఫొటోలూ పోతాయి. తుడిచాక మళ్లీ ఆ చిన్న గడిలో టిక్కు మరిచిపోతే కథ మొదటికే వస్తుంది.

తెలుగు రాస్తే...

తెలుగు అక్షరాలకు 1991లోనే యూనికోడ్‌లో చోటు దొరికింది. అయినా విండోస్ పాత నల్లతెరలో తెలుగు అచ్చు వేస్తే గడులు గడులుగానో, గుణింతాలు విడివిడిగానో కనిపించవచ్చు. దాంతో ప్రోగ్రాము తప్పని అనుకోనక్కరలేదు. చూపించే తెరకే ఆ అక్షరాలు పేర్చడం రాదు. అదే రాతను ఫైలులోకి మళ్లిస్తే మాత్రం నిజంగానే ఆగిపోయే అవకాశం ఉంది. తెలుగు లేని పాత అక్షరాల పట్టికను విండోస్ అక్కడ వాడటమే కారణం. 2018లో వచ్చిన పైథాన్ 3.7 నుంచి ‘పైథాన్ యూటీఎఫ్ 8’ అనే సెట్టింగుకు ఒకటి అని విలువ ఇస్తే ఈ అడ్డు తొలగుతుంది.

పది నిమిషాల పరీక్ష

నల్లతెర మొండికేసినప్పుడు వరస తప్పకుండా చూసుకుంటే చాలావరకు చిక్కు విడిపోతుంది.

మొదట, వచ్చిన వాక్యాన్ని పూర్తిగా చదవాలి. ఇంగ్లీషు రాకపోతే కాగితం మీద రాసుకుని మాటకు మాట అర్థం అడగాలి. పైథాన్ పొడుగాటి తప్పుల పట్టీ చూపితే అందులో చివరి వరుసే ముఖ్యం.

రెండు, ‘పైథాన్ మైనస్ మైనస్ వెర్షన్’ అని కొట్టాలి. వెర్షన్ నంబరు వస్తే మనిషి ఇంట్లో ఉన్నట్టే. రాకపోతే దారి చీటీ చూడాలి.

మూడు, ‘వేర్ పైథాన్’ అని కొట్టి ఏ పైథాన్ పలుకుతున్నదో చూడాలి. లినక్సులో అయితే ‘విచ్ పైథాన్ 3’ అనాలి.

నాలుగు, మనం నిలబడ్డ ఫోల్డరు ఏది, ఫైలు అందులో ఉందా, దాని పూర్తి పేరేమిటి అన్నవి చూసుకోవాలి.

ఐదు, ఒకే ఒక్క వరుస అచ్చు వేసే చిన్న ప్రోగ్రాము నడిపి చూడాలి. అది నడిచి పెద్దది నడవకపోతే, అప్పుడు మాత్రమే తప్పు తన రాతలో వెతుక్కోవాలి.

ఆరు, ఏదైనా మార్చితే ఒక్కటే మార్చి, తెర మూసి తెరిచి, మళ్లీ చూడాలి. నాలుగు ఒకేసారి మార్చితే దేనివల్ల బాగైందో, దేనివల్ల చెడిందో తెలియదు. మోటారు నడవకపోతే రైతు చేసేదీ ఇదే కదా. ముందు కరెంటు ఉందా చూస్తాడు, తర్వాత ఫ్యూజు, తర్వాత స్టార్టరు. ఆ మూడూ చూడకుండా మోటారును బావిలోంచి పైకి తీయడు.

ల్యాబులో మొదటి రోజే ఈ ఆరు సంగతులు తెలుగులో చెప్పి, గోడ మీద ఒక కాగితం అంటిస్తే కాలేజీలకు అయ్యే ఖర్చు లేదు. పల్లె నుంచి వచ్చిన పిల్లలకు అది కొండంత అండ. తెర మీద ‘గుర్తు పట్టలేదు’ అని వచ్చినప్పుడు, ఆ మాట తనను గురించి కాదని, ఒక ఫోల్డరు దారి గురించేనని వారికి ఎవరో ఒకరు చెప్పాలి.

ఆ రాత్రి పల్లెలో ఆ పిల్లవాడు చేయవలసింది కూడా ఎంతో లేదు. ఒక గడిలో టిక్కు పెట్టాలి. తెర మూసి మళ్లీ తెరవాలి. అప్పుడు ‘గుర్తు వట్టిందా బిడ్డా?’ అని తండ్రి అడిగితే, ‘పట్టింది బాపు, దారి చూపిన’ అని చెప్పుకోవచ్చు.